‘పాడైనవి’ అని రాసిన సొరుగు

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం తన చేతులంటే. తను ముట్టుకున్నది పాడైపోతుందేమోనని. చీకటికీ బల్లికీ బెదరదు. ఉరుముకు పాప ఉలిక్కిపడితే తనే నవ్వుతుంది. పాపకు గోళ్ళు తీయమంటే మాత్రం కత్తెర పట్టిన చెయ్యి వణుకుతుంది. మూడో నెలలో ఒకసారి పాప చిటికెన వేలి కొసన రవ్వంత చర్మం తెగి, సూది మొనంత నెత్తురు కనిపించింది. ఆనాటి నుంచి గోళ్ళ పని అత్తగారిదే. ఇప్పుడు పాపకు పదకొండో నెల.

సోమవారం పొద్దున ఆఫీసులో పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకునే ముందు కూడా ఆమె చున్నీకి వేళ్ళు తుడుచుకుంది. అది బస్సు డ్రైవరుది. అంటే అతని గుండెది. ఆ గుండె పరీక్షల కేంద్రంలో ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, ఒక రోజంతా మామూలుగా తిరగమని పంపిస్తారు. మర్నాడు పెట్టె విప్పి, దానికి గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్ తీసి ఆమె బల్ల మీద పెడతారు. దాన్ని కంప్యూటర్‌కు పెట్టి, ఆ రోజంతటి గీతలూ ప్రింటు తీసి, డాక్టరుగారి గదికి చేర్చడం ఆమె పని.

గీతలు చదివే ప్రోగ్రాము పాతది. ఇప్పటి కంప్యూటర్లు దాన్ని గడప తొక్కనివ్వవు. అందుకని కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పెట్టారు. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలో పాతకాలపు నీలం తెర, దాని గడియారం దానిది, దాని నిదానం దానిది. వర్చువల్ మెషిన్ అంటారట. ఆఫీసులో మాత్రం అందరికీ అది ‘లోపలిది’. దాన్ని మోస్తున్నది ‘బయటిది’.

"లోపలమ్మ లేచిందా?" అని రిసెప్షన్ బల్ల దగ్గర నుంచి గాజులక్క అడుగుతుంది.

"లేస్తోందక్కా. ఇంకా ఆవులింతలే."

గాజులక్క మోచేతుల దాకా గాజులు వేస్తుంది. ఆమె టైపు చేస్తుంటే పక్క గదిలోకి కూడా గలగల వినిపిస్తుంది. ఈమెను గాజులక్క, నర్సులు, మేనేజరు అందరూ ‘కొత్తమ్మాయి’ అంటారు. చేరి ఆరు నెలలైనా కొత్తమ్మాయే.

ఆ రోజు నుంచే ఆఫీసులో కొత్త పద్ధతి పెట్టారు. ఎవరి పేరుతో వాళ్ళు కంప్యూటర్ తెరవాలి. అప్పటి దాకా మేనేజరు తన పేరుతో తెరిచి వెళ్ళిపోయేవాడు, రోజంతా ఆమె దాని మీదే పని చేసుకునేది. ఇప్పుడు తన పేరు, తన సంకేతపదం. పాప పుట్టిన తేదీ పెట్టుకుంది.

పెన్‌డ్రైవ్ గుచ్చింది. బయటిదానిలో వెంటనే కనిపించింది. లోపలిదానిలో లేదు. తీసి మళ్ళీ పెట్టింది. నీలం రంధ్రంలో కాదని నల్లదానిలో పెట్టింది. లోపలి కిటికీ పైన ‘పరికరాలు’ అని ఉన్న చోట నొక్కితే రోజూ పెన్‌డ్రైవ్ పేరు కనబడుతుంది, దాని పక్కన టిక్కు పెడితే లోపలిది పుచ్చుకుంటుంది. ఇవాళ ఆ చోట ‘ఏ పరికరమూ లేదు’ అని బూడిదరంగు అక్షరాలు.

బెంచీ మీది నుంచి బస్సు డ్రైవరు తొంగి చూశాడు. "ఏమ్మా, నా గుండె దొరికిందా?"

"ఒక్క నిమిషం అన్నయ్యా."

"నిమిషమేం, పది తీసుకో. మళ్ళీ పట్టీలు అంటించుకోమని మాత్రం అనకు. మొన్న పీకినప్పుడు నా ఛాతీ మీద సగం వెంట్రుకలు మీకే ఇచ్చేశా. డాక్టరు గారు బాగుందని రాసిస్తే తప్ప మా డిపోవాళ్ళు స్టీరింగ్ ముట్టుకోనివ్వరు."

పది నిమిషాలు ఇరవై అయ్యాయి. చివరికి మేనేజరు వచ్చాడు. ఆమె లేచి నిలబడితే ఆమె కుర్చీలో కూర్చోకుండా, బల్ల మీదికి వంగి, అవే మీటలు గట్టిగా నొక్కాడు. బూడిదరంగు అక్షరాలు కదల్లేదు.

"ఏం చేశావ్ దీన్ని?"

"ఏం చెయ్యలేదు సార్. పెట్టానంతే. బయటిదానిలో కనిపిస్తోంది, చూడండి."

"కనిపిస్తే? చదవాల్సింది లోపలిది. అది చదవకపోతే పాడైనట్టే. దానికి చెప్పకుండా పీకేసి ఉంటావ్. ఆపి తియ్యాలని ఎన్నిసార్లు చెప్పాను? తొమ్మిదో తరగతితో బడి మానేసిన వాళ్ళని కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టడం నాదే తప్పు."

డ్రైవరు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. గాజుల చప్పుడు ఆగిపోయింది. మేనేజరు ఆ పెన్‌డ్రైవ్‌ను కింది సొరుగులో వేశాడు. దాని మీద తెల్ల కాగితం అంటించి ‘పాడైనవి’ అని రాసి ఉంటుంది. సొరుగు మూస్తుంటే లోపల ఇంకేవో దొర్లిన చప్పుడు అయింది.

"బుధవారం రండి," అన్నాడు డ్రైవరుతో. "మళ్ళీ పెట్టె కడతాం."

సాయంత్రం దాకా ఆమె కాగితాలు సర్దే పనే చేసింది. ఇంటికి బయల్దేరుతుంటే గాజులక్క గొంతు తగ్గించి చెప్పింది. "నీకు ముందు ఉండేదే, పొడుగమ్మాయి. అచ్చం ఇంతే. చేరిన వారంలోనే మూడు పెన్‌డ్రైవ్‌లు తగలబెట్టింది. తన వల్లే అని సంతకం పెట్టి వెళ్ళిపోయింది. చివరి రోజు మంచినీళ్ళ గ్లాసు ఇస్తే ముట్టుకోలేదే పిచ్చిది. 'నా చేత్తో వద్దులే అక్కా' అంది."

ఇంటి దాకా ఆ మాట ఆమె వెంటే వచ్చింది.

అత్తగారు గుమ్మంలో పాపను ఎత్తుకుని ఉంది. పాప తల్లిని చూసి రెండు చేతులూ చాపింది. నాయనమ్మ చంక మాత్రం వదల్లేదు, ఒక పిడికిట్లో ఆమె జాకెట్టు భుజం అలాగే ఉంది. "ఏదో ఒకటి తేల్చుకోవే," అని అత్తగారు నవ్వింది. "నన్ను వదిల్తేనే మీ అమ్మ చంకెక్కేది."

ఆమె పాప పిడికిలి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. పెన్‌డ్రైవ్ ఒక్కటే. బయటిది దాన్ని ఎత్తుకుని కూర్చుంది. అది వదలకపోతే లోపలిదాని చంకలోకి ఎలా వస్తుంది?

"ఏమైందమ్మాయ్, అట్లా బిగుసుకుపోయావు?"

"ఏం లేదత్తయ్యా. రేపు ఒకటి చూడాలి."

*

మంగళవారం అందరికంటే ముందు వెళ్ళింది. కొత్తగా వచ్చిన పెన్‌డ్రైవ్ ఒకటి బల్ల మీద ఉంది, ఎవరో టీచరమ్మది. గుచ్చింది. బయటిది పట్టుకోగానే, దాన్ని వదిలెయ్యమనే గుర్తు మీద నొక్కింది. బయట పేరు మాయమైంది. ఊపిరి బిగబట్టి లోపలి కిటికీ పైన ‘పరికరాలు’ నొక్కింది.

ఏ పరికరమూ లేదు.

చంక దిగిన పిల్ల ఎవరి దగ్గరికీ రాకుండా గాల్లో ఆగిపోయినట్టు అనిపించింది. మళ్ళీ చేసింది. మూడోసారి చేస్తుంటే వెనక మేనేజరు దగ్గు వినిపించింది.

"రెండోది కూడానా?"

ఈసారి కోప్పడలేదు. అది ఇంకా భయంగా ఉంది. ఆ పెన్‌డ్రైవ్‌నూ సొరుగులో వేసి, గదిలోకి వెళ్ళి ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. టైపు చేసి ఉంది. ‘నా అజాగ్రత్త వల్ల ....... పెన్‌డ్రైవ్‌లు పాడైనవని, ఇందుకు పూర్తి బాధ్యత నాదేనని ఒప్పుకుంటున్నాను.’ కింద చుక్కల గీత. ‘పెన్‌డ్రైవ్‌లు’ అనే మాటకు ముందు అంకె కోసం ఖాళీ వదిలారు. ఆ ఖాళీని ఆమె కాసేపు చూసింది. ఈ కాగితం నిన్నటిది కాదు. ఎప్పటి నుంచో కంప్యూటర్‌లో ఉన్నదే.

"సంతకం పెట్టు. పెడితే మందుల కౌంటర్‌కు మారుస్తా. పెట్టకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు."

"చదివి పెడతాను సార్."

"చదవడానికి ఏముంది? రెండు లైన్లు."

"నాకు చదవడం నిదానం సార్. తొమ్మిదో తరగతి కదా."

గాజులక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేనేజరు ముఖం బిగుసుకుంది. "రేపు పొద్దున పది గంటలకు," అని వెళ్ళిపోయాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమె పెదవి తడుముకుంది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక ఆమె అలమర తెరిచింది. ప్లాస్టిక్ రేకులో మూసి ఉన్న సరికొత్త పెన్‌డ్రైవ్‌లు వరసగా వేలాడుతున్నాయి. ఒకటి తీసింది. పంటితో చింపబోయి ఆగి, గాజులక్కను పిలిచింది.

"అక్కా, నువ్వు విప్పు. నువ్వే పెట్టు. నేను ముట్టుకోను."

"నేనెందుకే?"

"ఎందుకో నీకే తెలుస్తుంది."

గాజులక్క విప్పి, గాజులు పైకి తోసుకుని గుచ్చింది. ఆమె రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడి, ఎక్కడ నొక్కాలో నోటితో చెప్పింది. లోపలి కిటికీ, పైన పరికరాలు. బూడిదరంగు అక్షరాలు. ఏ పరికరమూ లేదు.

"ఇది కూడా పోయిందా?" అంది గాజులక్క.

"ఇది ఇప్పుడే పుట్టిందక్కా. నా చెయ్యి దాని మీద పడనే లేదు."

గాజులక్క మెల్లగా కుర్చీలో కూలబడింది. "అయితే పొడుగమ్మాయి..." అని సగంలో ఆపేసింది.

కంప్యూటర్ పక్కన అంటించిన చీటీ మీద కంప్యూటర్లు చూసే అతని నంబరు ఉంది. కళ్ళజోడు తమ్ముడు అంటారు అతన్ని. ఆమె మెట్ల మీదికి వెళ్ళి ఫోను చేసింది.

"బయటిది వదలకపోతే లోపలిదానికి అందదక్కా. మామూలుగా టిక్కు పెడితే అదే వదుల్తుంది," అన్నాడు అతను అంతా విని.

"అది నాకు తెలిసింది తమ్ముడూ. వదిలించాను. అయినా ఖాళీయే."

"వదిలించావా? ఎవరు చెప్పారు నీకు?"

"మా పాప చెప్పింది. నువ్వు తర్వాత సంగతి చెప్పు."

"ఎవరి పేరుతో తెరిచావు?"

"నా పేరుతోనే. నిన్నటి నుంచి అంతే కదా."

అతను చప్పరించాడు. "అదీ సంగతి. బయటి నుంచి లోపలికి పెన్‌డ్రైవ్ అందించడానికి బయటిది ఎవరిని పడితే వాళ్ళని ఒప్పుకోదక్కా. దానికో లిస్టుంటుంది. ఆ లిస్టులో పేరున్న వాళ్ళు తెరిస్తేనే అందిస్తుంది. లేనివాళ్ళకు ఏ పరికరమూ లేదనే చూపిస్తుంది. మేనేజరు గారు నాకు రెండు పేర్లే ఇచ్చారు. ఆయనది, డాక్టరు గారిది. టెంపరరీ వాళ్ళని పెట్టొద్దన్నారు."

ఆమె గోడకు ఆనుకుంది. "నాకు ముందున్నామెకు?"

అటువైపు మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. "ఆమె పేరూ లేదక్కా. ఆమె సొంత పేరుతోనే తెరిచేది. తర్వాత నువ్వొచ్చావు, నిన్ను ఆయన పేరు మీద కూర్చోబెట్టారు, అంతా బాగా నడిచింది. నన్నెవరూ పిలిచి అడగలేదు."

అంతా బాగా నడిచింది. అందుకే అందరూ నమ్మారు. ఆ అమ్మాయి పోయాక ఒక్క పెన్‌డ్రైవ్ కూడా పాడవలేదు కాబట్టి, తప్పు ఆ అమ్మాయిదే. నిన్న సాయంత్రం గాజులక్క చెప్పినప్పుడు తనూ నమ్మింది.

"ఇక్కణ్ణించే నీ పేరు చేర్చేస్తా. ఐదు నిమిషాల పని," అన్నాడు కళ్ళజోడు.

"వద్దు."

"వద్దా?"

"ఇప్పుడు చేరిస్తే, కొత్తమ్మాయికి ఎట్టకేలకు పెన్‌డ్రైవ్ పెట్టడం వచ్చిందంటారు. రేపు పది దాటేదాకా ఆగు తమ్ముడూ."

*

ఇంట్లో కాగితం చూసి భర్త ముఖం కడుక్కుంటూనే అన్నాడు. "పెట్టేయ్ సంతకం. నీదేం పోయింది? మందుల కౌంటర్లో ఫ్యాను కింద కూర్చోవచ్చు."

"నేను పాడుచెయ్యలేదు."

"చేశావని ఎవరన్నారు? పెట్టి బయటపడమంటున్నా. వాళ్ళతో మనకెందుకు?"

అత్తగారు పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని గోళ్ళు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది. "ఒరేయ్, నేను ఇరవై ఏళ్ళు మిషను కుట్టాను. సూది విరిగిన ప్రతిసారీ మా దుకాణంవాడు నా చెయ్యే చూసేవాడు. ఒకరోజు మిషను పీట ఎత్తి చూపించా, అడుగున గుడ్డను లాగే పళ్ళు అరిగిపోయున్నాయి. ఆ తర్వాత చెయ్యి చూడటం మానేశాడు. సంతకం పెడితే మాత్రం ఇక ఎవరొచ్చి చెప్పినా పాడుచేసింది ఇదే అవుతుంది. నువ్వు తువ్వాలు తీసుకుని అవతలికి పో."

భర్త తువ్వాలు తీసుకుని అవతలికి పోయాడు. ఒక చేతి గోళ్ళు అయ్యాయి. రెండో చేతి దగ్గర అత్తగారు ఆగి, కత్తెర కోడలి వైపు చాపింది.

"రేపు, అత్తయ్యా," అంది ఆమె.

*

బుధవారం పదింటికి మేనేజరు వచ్చేసరికి ఆమె తన కుర్చీ పక్కన నిలబడి ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. బస్సు డ్రైవరు బెంచీ మీద, చొక్కా పై గుండీలు ముందే విప్పుకుని, పట్టీలకు సిద్ధమై కూర్చున్నాడు. గాజులక్క ఏ పనీ లేకపోయినా ఆ బల్ల దగ్గరే కాగితాలు సర్దుతోంది.

"పెట్టావా?"

"పెడతాను సార్. ముందు మీరొకసారి నా కుర్చీలో కూర్చోండి."

"ఏంటిది?"

"పాడైందని రాసిచ్చేటప్పుడు, పాడైందని చూడాలి కదా సార్. మీ పేరుతో తెరవండి. రెండు నిమిషాలు."

డ్రైవరు కల్పించుకున్నాడు. "చూడండి సార్, పోయేదేముంది. ఎలాగూ నా వెంట్రుకలే కదా పోయేవి."

అందరూ చూస్తున్నారు. మేనేజరు కూర్చున్నాడు. తన పేరు, తన సంకేతపదం. లోపలిది నిదానంగా లేచింది. ఆమె వంగి, ‘పాడైనవి’ సొరుగు లాగి, సోమవారం నాటి పెన్‌డ్రైవ్ తీసింది. చున్నీకి వేళ్ళు తుడుచుకోలేదు. నేరుగా గుచ్చింది.

"పరికరాలు నొక్కండి సార్."

నొక్కాడు. బూడిదరంగు లేదు. నల్లటి అక్షరాల్లో పెన్‌డ్రైవ్ పేరు ఉంది.

"టిక్కు పెట్టండి."

ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత పాత ప్రోగ్రాము ఒళ్ళు విరుచుకుని, తెర నిండా ఆకుపచ్చ గీతలు పరిచింది. కొండలూ లోయలూ, ఒకదాని వెనక ఒకటి, తొణకకుండా.

"ఇది నాదేనా?" డ్రైవరు దగ్గరికి వచ్చాడు. "బాగానే కొట్టుకుంటోందే నా బిడ్డ."

మేనేజరు తెర వైపే చూస్తున్నాడు. మెడ వెనక ఎర్రబడింది. "అప్పుడప్పుడు ఇట్లా..." అని కాగితం మీదికి చెయ్యి చాపాడు. "సరేలే. అయిందేదో అయింది. దీన్ని చింపేద్దాం. పని చూసుకో."

ఆమె కాగితం మీద అరచెయ్యి పెట్టింది. తన చెయ్యి ఇంత నిలకడగా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇంకా అవలేదు సార్. సొరుగులో ఇంకా ఉన్నాయి."

టీచరమ్మది పెట్టింది. లోపలిది చదివింది. తర్వాత అడుగు నుంచి దుమ్ము పట్టిన మూడింటిని తీసింది. ఒక్కొక్క దానికీ చిన్న చీటీ అంటించి ఉంది, చక్కటి గుండ్రని అక్షరాలతో తేదీ, రోగి పేరు. పొడుగమ్మాయి దస్తూరి. వాళ్ళందరికీ అప్పుడే మళ్ళీ పెట్టెలు కట్టి పరీక్షలు చేశారు, వాళ్ళ సంగతి అప్పటితో తీరింది. చీటీలు రాసిన అమ్మాయి సంగతే తీరలేదు.

మొదటిది పెట్టింది. గీతలు వచ్చాయి. రెండోది. వచ్చాయి. మూడోది పెట్టింది. లోపలిది దాన్నీ చదివింది. గాజులక్క చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

"పొడుగమ్మాయి తగలబెట్టిందన్నానే," అంది గోడతో. "ఊరంతా చెప్పానే."

ఆమె కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వెనక వైపు రాయడం మొదలుపెట్టింది. నిదానంగానే రాసింది. తొమ్మిదో తరగతి దస్తూరి, లైను కాస్త పైకి పోయింది. ‘ఈ అయిదు పెన్‌డ్రైవ్‌లూ బాగున్నాయి. నేను పాడుచెయ్యలేదు. నాకు ముందు ఈ కుర్చీలో పనిచేసిన ఆమె కూడా పాడుచెయ్యలేదు. వీటిని చదివించే లిస్టులో మా ఇద్దరి పేర్లూ పెట్టలేదు. ఇవాళ అందరి ముందూ చదివించి చూశాం.’ కింద సంతకం పెట్టి, కలం మేనేజరు ముందు పెట్టింది.

"నేనెందుకు పెట్టాలి?"

"చదివించింది మీరే కదా సార్."

"సాక్షి కావాలంటే నేను పెడతానమ్మా," అని డ్రైవరు కలం అందుకున్నాడు. బస్సు నంబరుతో సహా రాశాడు. గాజులక్క వచ్చి తన సంతకం పెట్టింది, గాజులు కాగితం మీద ఒక్కసారి గలగలమన్నాయి. ఇక మిగిలింది ఒక్క ఖాళీ. మేనేజరు ఆ ఖాళీ వైపు చూశాడు, డ్రైవరు వైపు చూశాడు, తెర మీద ఇంకా పరుగెడుతున్న గీతల వైపు చూశాడు. తర్వాత చిన్న గీకుడు గీకి లేచాడు.

"నీ పేరు చేర్చమని చెబుతాలే."

"రెండు పేర్లు సార్."

"ఆమె ఇప్పుడిక్కడ లేదుగా?"

"లిస్టులో ఉండనివ్వండి. వచ్చినప్పుడు ఖాళీ కనపడకూడదు."

అతను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆమె కాగితానికి ఒక జిరాక్సు తీసింది. అసలుది ఆఫీసు ఫైలులో పెట్టింది. జిరాక్సు సంచిలో పెట్టుకుంది. అది ఎవరి కోసమో గాజులక్క అడగలేదు. తర్వాత ఆమె సొరుగు మీది ‘పాడైనవి’ అన్న కాగితం గోటితో గీకి తీసేసింది.

పొడుగమ్మాయి నంబరుకు ఆ సాయంత్రం మూడుసార్లు చేసింది. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. ఫైలులో ఉన్న చిరునామాకు వెళ్తే, వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి నాలుగు నెలలైందని పక్కింటామె చెప్పింది. ఎక్కడికి వెళ్ళారో తెలియదట. ఏదో కొట్లో పనికి కుదిరిందని మాత్రం విన్నదట.

ఇంటికొచ్చి ఆమె కాళ్ళు కడుక్కుని, పొద్దు ఉండగానే గుమ్మంలో కూర్చుంది. పాపను ఒళ్ళో వేసుకుని కత్తెర తీసింది. అత్తగారు నిన్న వదిలేసిన చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కొక్కటీ వెలుతురుకు తిప్పి చూసుకుంటూ తీసింది. చిటికెన వేలు దగ్గర పాప చెయ్యి లాక్కుంది. ఆమె ఆగి, మళ్ళీ పట్టుకుని, అది కూడా తీసింది. నెత్తురు రాలేదు. నెలవంకల్లాంటి అయిదు ముక్కలు అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది.

ఆ జిరాక్సు ఇప్పటికీ సంచిలోనే ఉంది, మడత దగ్గర చిరుగుతోంది. మీ వీధిలో ఏదైనా కొట్లో, కౌంటరు వెనక, వస్తువు ఇవ్వమంటే ముందు చున్నీకి వేళ్ళు తుడుచుకుని, 'నా చేత్తో వద్దులెండి, మీరే తీసుకోండి' అనే పొడుగమ్మాయి ఉంటుందేమో ఒక్కసారి చూడండి. గుండ్రటి అక్షరాలు రాస్తుంది. కనిపిస్తే ఎలా ఉందో అడగండి. ఆ మూడు పెన్‌డ్రైవ్‌లూ బాగున్నాయని, లోపలిది అన్నిటినీ చదివిందని చెప్పండి. చెప్పాక మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికే ఇచ్చి, తాగేదాకా అక్కడే ఉండండి.